శాంక్షన్ లెటర్ రెండో పేజీ

పోయిన ఆదివారం మా పిన్నీ బాబాయీ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. వాడికి అమెరికాలో మాస్టర్స్ సీటు వచ్చింది, యూనివర్సిటీ పంపే ప్రవేశ పత్రం ఐ-20 చేతికి అందింది, బ్యాంకు లోను కూడా మంజూరైంది. బాబాయి పాత బట్టసంచిలోంచి, లోనుకు హామీగా పెట్టే హయత్‌నగర్ ఇంటి కాగితాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చారు. ఒరిజినల్ సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ఇంటి మీద వేరే అప్పులేమైనా ఉన్నాయో చూపే ఈసీ, ఇంటి పన్ను రసీదులు అన్నీ ఉన్నాయి. "నువ్వు వెళ్ళి వచ్చినదానివి కదమ్మా, అన్నీ సరిగా ఉన్నాయో లేదో ఒకసారి చూడు" అన్నారు. ఇంటి కాగితాల సంగతి బ్యాంకు లాయరు చూసుకుంటాడు కనుక నేను లోను షరతులన్నీ ఉండే శాంక్షన్ లెటర్ ఇమ్మన్నాను. ఆ పదకొండు పేజీల లెటర్‌ను ముగ్గురిలో ఒక్కరూ మొదటి పేజీ దాటి చదవలేదు. 2018లో మా ఇంట్లోనూ సరిగ్గా ఇదే జరిగింది కనుక, ఆ రోజు వాళ్ళకు చెప్పిన మాటలు ఇక్కడ రాసిపెట్టాలనిపించింది.

నేను వెళ్ళే ఏడు మా ధ్యాసంతా వీసా మీదే ఉండేది. అప్పటికి అమెరికా కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ఉండేది, 2023లో నానక్‌రాంగూడకు మారింది. చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాను, వీసా వచ్చాక అమ్మతో వెళ్ళి 108 పూర్తి చేశాను. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో, ఏం చెప్పాలో నెల రోజులు వల్లె వేసిన నేను, ముప్పై లక్షల అప్పు పత్రం మీద పది నిమిషాల్లో సంతకాలు పెట్టేశాను.

ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి. బ్యాంకు ఉద్యోగి కాగితాల కట్టను తనవైపు పెట్టుకుని, ప్రతి పేజీ కింది అంచు మాత్రం పైకెత్తి, పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన చోటు చూపిస్తూ వెళ్ళాడు. నాతో పాటు అప్పుకు బాధ్యత వహించే కో-అప్లికెంట్‌గా నాన్నగారు తెలుగులో సంతకం చేస్తూ పోయారు. మొదటి పేజీల్లో గుండ్రంగా ఉన్న అక్షరాలు చివరికి వచ్చేసరికి ఒకదాని మీదికి ఒకటి ఒరిగిపోయాయి. పేజీలో ఏముందని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. "చదువు అయ్యేదాకా ఒక్క రూపాయి కట్టనక్కరలేదు సార్" అన్న మాట విని ఇద్దరమూ ఊపిరి పీల్చుకున్నాం.

ఆ మాట అబద్ధం కాదు, కానీ సగమే చెప్పిన మాట. కోర్సు కాలమూ, దాని తరువాత ఆరు నెలలో ఏడాదో కలిపి మారటోరియం అంటారు. ఆ కాలంలో వాయిదా కట్టనక్కరలేదు గానీ వడ్డీ మాత్రం డబ్బు విడుదలైన రోజు నుంచే నడుస్తుంది. మారటోరియం ముగిసిన రోజున అలా పోగైన వడ్డీ అంతా అసలులో కలుస్తుంది, అక్కడి నుంచి వడ్డీ మీద కూడా వడ్డీ పడుతుంది. ఈ సంగతి రెండో పేజీలోనే స్పష్టంగా రాసి ఉంది. నేను దాన్ని మొదటిసారి చదివింది 2020 చివర్లో, వాయిదా ఎంతో తెలిసి ఉలిక్కిపడ్డాక.

తమ్ముడికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. 30 లక్షల లోను, 11 శాతం వడ్డీ, సెమిస్టరుకు ఏడున్నర లక్షల చొప్పున నాలుగు విడతల్లో విడుదల, సెమిస్టరు ఆరు నెలలు అనుకుందాం. మొదటి విడత మీద వడ్డీ నెలకు 6,875 రూపాయలు. నాలుగో విడత నాటికి అది 27,500 అవుతుంది. రెండేళ్ళ చదువూ, ఆపైన ఆరు నెలలూ ఏమీ కట్టకుండా ఊరుకుంటే పోగయ్యే వడ్డీ 5,77,500. అప్పుడు పదేళ్ళ గడువుకు నెలవారీ వాయిదా దాదాపు 49,300. అదే వడ్డీని ఏ నెలకానెల కట్టుకుంటూ వచ్చి ఉంటే వాయిదా దాదాపు 41,300 దగ్గర ఆగుతుంది. నెలకు ఎనిమిది వేల తేడా, అదీ పదేళ్ళ పాటు.

నన్ను ఇప్పటికీ బాధించే లెక్క మరొకటి ఉంది. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు సెమిస్టరు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేసుకోవచ్చు. నేను డైనింగ్ హాల్లో గంటకు 8 డాలర్లకు పని చేశాను. అప్పటి 70 రూపాయల మారకంలో 6,875 రూపాయలంటే 98 డాలర్లు, అంటే నెలలో పన్నెండు పదమూడు గంటల పని. చివరి సెమిస్టరులో మొత్తం వడ్డీ కట్టడం నా వల్ల అయ్యేది కాదు, కానీ మొదటి ఏడాదంతా కట్టగలిగి ఉండేదాన్ని. ఎవరైనా చెప్పి ఉంటే తప్పకుండా కట్టేదాన్ని. లోను భయంతో బయట గ్యాస్ స్టేషన్లలో చేతికి డబ్బు తీసుకుని పని చేసే పిల్లల్ని చూశాను. అది నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే విద్యార్థిగా అక్కడ ఉండే స్టేటస్ పోతుంది. ఆ దారి తొక్కవద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను.

"అక్కా, అయితే వెళ్ళవద్దంటావా?" అన్నాడు వాడు. వెళ్ళవద్దని నేను ఎన్నడూ అనను. నేను రాసిన ప్రోగ్రాము సరిగా పనిచేస్తున్నా సరే, ఎందుకు పనిచేస్తోందో చెప్పలేకపోయానని ఒక ప్రొఫెసరు మూడుసార్లు తిరిగి రాయించారు. నేను ఈనాడు ఏ పని చేసినా ఆ అలవాటు మీదే చేస్తున్నాను. అయితే చదువు విలువ వేరు, అక్కడే ఉద్యోగం చేసుకుంటూ అప్పు తీరుస్తామనే ధీమా వేరు. చదువు అయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే ఓపీటీ నా డిగ్రీకి 12 నెలలు, సైన్సు, టెక్నాలజీ లాంటి కోర్సులకిచ్చే స్టెమ్ పొడిగింపు 24 నెలలు వచ్చాయి. ఆ మూడేళ్ళలో మూడుసార్లు, ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీ లాటరీలో నా పేరు పెట్టారు. ఏటా 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20,000 ఉంటాయి. నాకు ఒక్కసారీ రాలేదు. 2023లో తిరిగి వచ్చేశాను. డాలర్లలో జీతం వచ్చినంత కాలం అప్పు సగానికి పైగా తగ్గించగలిగాను, మిగిలినది గచ్చిబౌలి జీతంతో తీరుస్తున్నాను. మా ఇంటి కాగితాలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. నాన్నగారు వాటి గురించి ఏనాడూ అడగరు, అడగకపోవడమే నాకు ఎక్కువ బరువుగా ఉంటుంది.

అందుకే తమ్ముడి లోనును హైదరాబాదు జీతంతో తీర్చవలసి వస్తే ఎలా ఉంటుందో కూడా లెక్క వేయించాను. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నవారికి చదువు లోను వడ్డీ మీద 8 సంవత్సరాల దాకా మినహాయింపు ఉంటుంది, అసలుకు ఉండదు. అప్పు రూపాయల్లో మంజూరవుతుంది, ఫీజు డాలర్లలో కట్టాలి. నేను వెళ్ళినప్పుడు 70 దగ్గర ఉన్న డాలరు, తిరిగి వచ్చేనాటికి 82 అయింది. ఆ మేరకు కొంత వెసులుబాటు ముందే పెట్టుకోవాలి.

బాబాయి ఇదంతా మౌనంగా విన్నారు. నేను లెక్క వేసిన కాగితాన్ని దగ్గరికి లాక్కుని 6,875 అన్న అంకె కింద గీత గీసి, "ఇది నా పెన్షన్‌లోంచి నేను కడతానమ్మా" అన్నారు. "జనవరి దాకా చాలు నాన్నా, తరువాత నేను పంపిస్తాను" అన్నాడు తమ్ముడు. వడ్డీ రేటు ఎప్పుడెప్పుడు మారుతుంది, లోనుతో పాటు అంటగట్టిన ఇన్సూరెన్స్ ప్రీమియం తప్పనిసరా, ముందుగా తీర్చేస్తే ఏమైనా ఛార్జీ వేస్తారా అని బ్యాంకులో అడగవలసిన ప్రశ్నలు వాడే ఫోనులో రాసుకున్నాడు. పిన్ని ఇంటి కాగితాలను మళ్ళీ సంచిలో సర్దుతుంటే, బాబాయి కళ్ళద్దాలు తుడుచుకుని, రెండో పేజీ తీసి, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివించుకోవడం మొదలుపెట్టారు.