స్తుతితో మొదలుపెట్టమన్నారు, నోరు పెగల్లేదు

ప్రార్థన అంటే నాకు మొదటినుంచీ అడగడమే. కళ్లు మూసుకోగానే ఆరోగ్యం, పిల్లల చదువు, అప్పులు వరసగా వచ్చేసేవి. ఇంట్లో ఒక్కదాన్నే చేసుకున్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. ప్రార్థన కూటానికి వెళ్లడం మొదలుపెట్టాకే వచ్చింది చిక్కు.

ఒకసారి నన్ను ప్రార్థన చేయమన్నారు. "ప్రభువా, మా అమ్మ ఆపరేషన్..." అన్నానో లేదో, కూటం పెద్దాయన అడ్డుపడ్డారు. "సిస్టర్, ఒక్క నిమిషం. రాజు ముందుకి వెళ్లగానే చెయ్యి చాస్తామా? ముందు ఆయన పరిశుద్ధతను స్తుతించండి." అందరి ముందూ! "పరిశుద్ధుడవైన తండ్రీ" అన్నాను. తర్వాత ఏమనాలో తెలియలేదు. మళ్లీ "పరిశుద్ధుడవైన తండ్రీ" అన్నాను. అంతే, నోరు ఎండిపోయింది. కళ్లు మూసుకునే ఉన్నా అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. చివరికి ఎవరో జాలిపడి నా బదులు "ఆమేన్" అనేశారు. పెద్దాయన మందలింపు కన్నా ఆ ఆమేనే ఎక్కువ గుచ్చుకుంది. అమ్మ సంగతి ఎత్తకుండానే కూర్చున్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా.

ఆయన చెప్పిన విషయంలో తప్పు లేదు. యేసు నేర్పిన ప్రార్థనలో అనుదినాహారం అడిగేది దేవుని నామం, రాజ్యం, చిత్తం అయ్యాకే. బైబిల్లో అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో బెదిరింపులు ఎదురైనప్పుడు కూడా విశ్వాసులు ముందు సృష్టికర్తను తలుచుకున్నారు, ధైర్యం అడిగింది ఆ తర్వాతే. కానీ స్తుతించమని చెప్పడం వేరు, ఎలా స్తుతించాలో నేర్పడం వేరు. ఆ రెండో పని ఎవరూ చేయరు.

నాకు దారి చూపింది 99వ కీర్తన. దేవుడు పరిశుద్ధుడన్న మాట అందులో మూడుసార్లు వస్తుంది, ఊరికే కాదు. ఆయన న్యాయాన్ని ప్రేమిస్తాడు. మోషే, అహరోను, సమూయేలు మొరపెడితే జవాబిచ్చాడు. క్షమించాడు, చేసినదానికి శిక్ష కూడా వేశాడు. "ఆయన" అని ఉన్నచోట "నీవు" అని మార్చి పైకి చదివాను. మాటలు వాటంతటవే వచ్చాయి. మీకూ మాటలు రాకపోతే ఇలాగే చేయండి. పది విశేషణాలు పేర్చి గొంతు పెంచడం మాత్రం వద్దు. వ్యర్థమైన మాటలు వద్దని మత్తయి 6లో యేసే చెప్పాడు, అదీ ఆ ప్రార్థన నేర్పడానికి ముందే.

ఇలా మొదలుపెట్టాక నాకు తెలియకుండానే కోరికలు మారాయి. ఆఫీసులో గిట్టని ఒకామెను ఎటైనా బదిలీ చేయించమని అడిగేదాన్ని. "న్యాయాన్ని ప్రేమించే దేవా" అన్నాక ఆ మాట గొంతులోనే ఆగిపోయింది. కొన్ని రోజులైతే అసలు అడగాలనే అనిపించలేదు, నేనెంతదాన్ని అనిపించింది. యెషయా 6 చదివితే ధైర్యం వచ్చింది. దేవుని సింహాసనం దగ్గరుండే సెరాపులనే దూతలే ముఖం కప్పుకొని "పరిశుద్ధుడు" అంటుంటే యెషయా ప్రవక్త తన పెదవులు అపవిత్రమని వణికిపోయాడు. దేవుడు అతన్ని తరిమేయలేదు. నిప్పును ఆ పెదవులకే తాకించి, పాపం తీసేసి, పనికి పంపాడు.

మొన్న కూటంలో మళ్లీ నా వంతు వచ్చింది. తడబడకుండా చేశాను. గొప్ప చెప్పుకుంటోంది అనుకున్నా సరే, గుసగుసలు కూడా ఆగిపోయాయి. పెద్దాయన తల ఊపారట, నేను చూడలేదు.

అయినా ఆయనతో ఒక లెక్క మిగిలే ఉంది. నీళ్లమీద నడుస్తూ భయపడి మునిగిపోతూ యేసు శిష్యుడు పేతురు "ప్రభువా, నన్ను రక్షించుము" అన్నాడు, అంతే. యేసు వెంటనే చెయ్యి చాపి పట్టుకున్నాడు గానీ ముందు స్తుతించమనలేదు. 22వ కీర్తనలో మొదటి రెండు వచనాలూ మొరే, స్తుతి మూడో వచనంలో గానీ రాదు. వచ్చే కూటంలో వాక్యం చదివే వంతు నాదే. ఏ కీర్తన చదవాలో ఇప్పటికే నిర్ణయించుకున్నాను.