మా చెరువు నత్తకి మడ అడవిలో చుట్టాలు

మొన్న వేసవిలో కాలువలు కట్టేశాక మా పంటబోదెలో బురద తవ్వుతుంటే పారకి టక్కుమని ఏదో తగిలింది. రాయేమో అనుకున్నా. తీసి చూస్తే నిమ్మకాయంత నత్త, మూత గట్టిగా బిగించుకుని నిద్రపోతోంది. బకెట్ నీళ్లలో వేసి మర్చిపోయా, సాయంత్రానికి చూద్దును కదా, అంచు దాకా ఎక్కేసి కొమ్ములాడిస్తోంది!

దీని పేరు పైలా. ఒంట్లో మొప్పా ఉంది, ఊపిరితిత్తీ ఉంది, కాబట్టి నీళ్లున్నా ఎండిపోయినా దానికి టెన్షన్ లేదు. అదే చెరువులో ఆకుల కింద పల్చటి గుల్లతో తిరిగే లిమ్నియా అనే నత్తకి మూతా లేదు, మొప్పా లేదు, గాలి కోసం పైకి రావాల్సిందే. పశువులకి కార్జపు జలగ (కార్జంలో చేరే పురుగు) అంటించేవి కూడా ఈ జాతివే, అది వేరే గొడవ.

ఇక కోరంగి మడ అడవిలో ఆటు సమయానికి చెక్క వంతెన మీద నుంచి కిందికి చూడండి, బురదలో బెత్తెడు పొడవున, శంకువులా మొనదేలిన నల్లటి గుల్లలు కనిపిస్తాయి. అవి టెలిస్కోపియం అనే నత్తలవి. పైలాతో పోలికే ఉండదు. కానీ ఆ రెండూ సీనోగాస్ట్రోపోడా అనే ఒకే గుంపు, చెరువులో పైలా పక్కనే ఉండే లిమ్నియా మాత్రం హెటెరోబ్రాంకియా అనే వేరే గుంపు! డిగ్రీలో మేం బట్టీపట్టిన ప్రోసోబ్రాంకియా, ఒపిస్తోబ్రాంకియా, పల్మొనేటా అని నత్తల్ని విడగొట్టే మూడు ముక్కల లెక్కని 2005లో బూషే, రొక్రువా అనే శాస్త్రవేత్తలు మార్చి రాశారు.

నత్తని చెరువులో వదిలేశా. మా అమ్మ మాత్రం ఆ బకెట్‌ని ఇప్పటికీ వంటింటి ఛాయలకి రానివ్వదు.