శ్రీకృష్ణుడు మారిన రాత్రి

పద్యనాటకం చూడడానికి వచ్చే ప్రేక్షకుడికి కథ ముందే తెలుసు, పద్యాల్లో సగం నోటికి వచ్చు, ఏ రంగం తరువాత ఏ రంగం వస్తుందో కూడా తెలుసు. అతడు వచ్చేది ఒక గొంతు కోసం. ఫలానా నటుడు ఫలానా పద్యాన్ని ఎక్కడ ఎత్తుకుంటాడో, ఎక్కడ ఆపుతాడో, చివరి పాదాన్ని ఎంత దూరం తీసుకువెళ్లి వదులుతాడో వినాలని చెవులు సిద్ధం చేసుకుని వస్తాడు. అందువల్ల ఆ నటుడు రావడం లేదని, అతని బదులు మరొకరు వేషం కడుతున్నారని చివరి ఘడియలో చెప్పినప్పుడు సభకు కలిగే నిరాశ చాలా న్యాయమైనది. మన కళాశాల వార్షికోత్సవాల చరిత్రలో అటువంటి రాత్రి ఒకటి ఉంది. ఆ రోజుల్లో చదువుకున్నవారికి అది గుర్తుండే ఉంటుంది. నేను ఆ రాత్రి వేదిక మీద లేను, తెర వెనుకా లేను. వాలంటీరు రిబ్బను చొక్కాకు తగిలించుకుని జనం మధ్య తిరుగుతున్నాను. అందుకే నాటకం కంటే ఎక్కువగా ఆ జనమే నాకు జ్ఞాపకం.

అవి 1980ల తొలి సంవత్సరాలు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల నుంచి పడకసీను, రాయబారం సీను కలిపి ఆడాలని మా తెలుగు మాస్టారు నిర్ణయించారు. శ్రీకృష్ణుడి వేషం బి.ఏ. చివరి సంవత్సరంలో ఉన్న మా సీనియర్ అన్నయ్యది. గుంటూరు జిల్లాలోని మా చుట్టుపక్కల గ్రామాల్లో శ్రీరామనవమి పందిళ్లలో ఆయన పద్యం పాడని ఏడాది ఉండేది కాదు. పీసపాటి నరసింహమూర్తి గారిని, షణ్ముఖి ఆంజనేయరాజు గారిని కళ్లారా చూసి వారి కృష్ణుణ్ణి గుండెల్లో పెట్టుకున్న పెద్దలు కూడా ఈ కుర్రవాడు పాడుతున్నాడంటే లేచి వచ్చేవారు. కాబట్టి కరపత్రంలో కళాశాల పేరు కంటే ఆయన పేరే పెద్ద అక్షరాలతో అచ్చయింది. రిక్షాలో మైకు కట్టి ఊరంతా ఆయన పేరే చెప్పారు. ప్రదర్శనకు రెండు రోజుల ముందు ఆయనకు జ్వరం వచ్చి గొంతు పూర్తిగా మూసుకుపోయింది.

బదులుగా మాస్టారు ఎంచుకున్నది సాత్యకి వేషం వేయవలసిన ఒక జూనియర్‌ను. సాత్యకికి పద్యాలు తక్కువ, కాని రాయబారంలో కృష్ణుడి పక్కనే నిలబడాలి. రిహార్సల్సు జరిగినన్నాళ్లూ ఆ అబ్బాయి కృష్ణుడి ప్రతి పద్యాన్నీ, ప్రతి కదలికనూ మూరెడు దూరం నుంచి చూశాడు. పద్యాలన్నీ వచ్చు. అతనికి లేనిది పేరు ఒక్కటే.

ఇక్కడ మన నాటక సంప్రదాయం గురించి ఒక మాట చెప్పాలి. ఒక పాత్రలో నటుడు మారడం తెలుగు ప్రేక్షకుడికి కొత్త కాదు. వేర్వేరు చోట్ల పేరున్న నటుల్ని కుదిర్చి ఆడించే కాంట్రాక్టు నాటకాలు వెలుగొందిన కాలంలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉండేవారు. పడకసీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధరంగానికి మరొకరు వచ్చేవారు. హరిశ్చంద్ర నాటకంలో నక్షత్రకుడి చేతిలో అగచాట్లు పడే హరిశ్చంద్రుడు వేరు, కాటిసీనులో కర్ర పట్టుకుని నిలబడే హరిశ్చంద్రుడు వేరు. కిరీటం ఒకరి తలమీది నుంచి మరొకరి తలమీదికి మారినా జనం దేవుణ్ణి దేవుడిగానే చూసేవారు, ఇద్దరు గొప్ప గాయకులు ఒకే పాత్రలో పోటీపడడాన్ని పండుగలాగా అనుభవించేవారు. అంటే మనిషి మారడం మన జనానికి అభ్యంతరం కాదు. అచ్చువేసి చెప్పిన పేరు రాకపోవడమే అభ్యంతరం. కరపత్రం వారి దృష్టిలో మాట ఇచ్చిన పత్రం. ఆ రాత్రి మా సభలో రేగిన కోపాన్ని నేను ఈ విధంగానే అర్థం చేసుకున్నాను.

ప్రిన్సిపాల్ గారు స్వయంగా మైకు ముందుకు వచ్చి, అనారోగ్యం వల్ల ఫలానా విద్యార్థి నటించలేకపోతున్నాడని, ఆ పాత్రను మరొక విద్యార్థి పోషిస్తాడని ప్రకటించారు. ముందు కుర్చీల్లో కూర్చున్న ఊరి పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊరుకున్నారు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు, పాపం ఆ పిల్లవాడికి ఏమైందో, ఎంత జ్వరమో అని మాట్లాడుకున్నారు. నాటకం ఏమవుతుందన్న బెంగ అక్కడ కనబడలేదు. వెనుక నిలబడ్డ పొరుగూళ్ల రైతులు మాత్రం దాచుకోలేదు. ట్రాక్టరు కట్టించుకుని వచ్చామని, ఆ అబ్బాయి లేకపోతే ఇంక ఏం చూడాలని గట్టిగానే అన్నారు. కొందరు తువ్వాలు దులుపుకుని లేచారు. లేచినవాళ్లు వెంటనే వెళ్లలేదు. గేటు దగ్గర టీ బండి చుట్టూ నిలబడి, వెళ్లాలా ఉండాలా అన్నట్టు వేదికవైపు చూస్తూ ఉన్నారు.

ఆ సాయంత్రం తెర వెనుక మాస్టారు తీసుకున్న మూడు నిర్ణయాల గురించి నాకు తరువాత తెలిసింది. మొదటిది, మా సీనియర్‌ను ప్రేక్షకుల కంటపడనివ్వకుండా లోపలి వింగులోనే కూర్చోబెట్టడం. "వాడు కనబడితే జనం వీణ్ణి వినరు" అని ఆయన అన్నారట. రెండవది శ్రుతి. మా సీనియర్ ఐదు శ్రుతిలో పాడేవాడు. జూనియర్‌ను అక్కడికి ఎక్కించవద్దని, నాలుగు శ్రుతికి దించమని హార్మోనిస్టుకు చెప్పారు. మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. అన్నయ్య పాడినట్టు పాడవద్దని, పద్యం అర్థం నీకు ఎట్లా తెలిసిందో అట్లా పాడమని ఆ అబ్బాయికి చెప్పారు. ధైర్యం కోసం మా బాపట్ల కథ కూడా చెప్పారు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడే రోజున చంద్రమతి వేషధారి రాకపోతే, ఆ ఊరి యువకుడే ఒకరు ముందుకు వచ్చి ఆ వేషం కట్టారు. ఆయనే స్థానం నరసింహారావు గారు. తరువాత తెనాలి రామవిలాస సభలో చేరి, సత్యభామగా తెలుగు దేశమంతటినీ మెప్పించి, 1956లో పద్మశ్రీ అందుకున్న మహానటుడి మొదటి మెట్టు ఇంకొకరు రాని రాత్రి దొరికిన వేషమే. ఆ బాపట్ల ప్రేక్షకులకు తాము ఎవరిని చూస్తున్నామో ఆ క్షణంలో తెలిసే అవకాశమే లేదు. ఈ మాట నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది.

తెర లేచింది. పడకసీనులో కృష్ణుడు కళ్లు తెరిచి దుర్యోధనుణ్ణి పలకరించే "బావా ఎప్పుడు వచ్చితీవు" అన్న పద్యం రాని తెలుగువాడు మా ప్రాంతంలో ఆనాడు అరుదు. జూనియర్ పద్యం ఎత్తుకోగానే నా పక్కనున్న ఒక పెద్దాయన లోగొంతుకతో మా సీనియర్ బాణీలో తానూ పాడడం మొదలుపెట్టాడు. ఆయన చెవిలో ఉన్న పద్యం ఒకటి, వేదిక మీది నుంచి వస్తున్న పద్యం ఇంకొకటి. ఎక్కడ రాగం పైకి లేవాలని ఆయన అనుకున్నాడో అక్కడ అది లేవలేదు. ఆయన తల అడ్డంగా ఊపాడు. చుట్టూ చూస్తే చాలామంది అదే పనిలో ఉన్నారు. ఎవరూ ఈల వేయలేదు, ఎవరూ గోల చేయలేదు, పోల్చుకున్నారు, అంతే. పద్యం ముగిశాక చప్పట్లు కొట్టింది కళాశాల విద్యార్థులు మాత్రమే. అవి తోటివాడి మీద జాలితో కొట్టిన చప్పట్లని అందరికీ తెలుసు, వేదిక మీది అబ్బాయికి మరీ బాగా తెలుసు.

రాయబారం సీను మొదలయ్యేసరికి సభలో ఒక చిన్న మార్పు వచ్చింది. దానికి కారణం నటుడు కాదు, సమయం. రైలు దిగి ఆలస్యంగా వచ్చిన ఒక గుంపు ఎడమవైపు గోడ పక్కన నిలబడింది. వాళ్లు ప్రకటన వినలేదు. మా సీనియర్ పేరు విన్నారే గాని ఆయన ముఖం వాళ్లకు తెలియదు. కౌరవ సభలో కృష్ణుడు లేచి "చెల్లియో చెల్లకో" అన్న పద్యం అందుకుని, తమకు చేసిన కీడును పాండవులు సహించారని చెప్పి, సంధి మాట ఎత్తి, చివర సాగదీయకుండా ధృతరాష్ట్రుడివైపు తిరిగి ఆగిపోయినప్పుడు, ఆ గోడ పక్కనుంచి "వన్స్ మోర్" అన్న కేక వచ్చింది. జనమంతా అటు తిరిగి చూశారు. పాత బాణీ ఏదీ చెవిలో మోగకుండా విన్నవాళ్లకు అది ఒక మంచి పద్యంగా వినిపించిందన్న సంగతి ఆ ఒక్క కేకతో సభ మొత్తానికీ తెలిసింది. జూనియర్ పద్యాన్ని మళ్లీ పాడాడు. ఈసారి నా పక్కనున్న పెద్దాయన పాడలేదు, విన్నాడు.

ఆ తరువాత జరిగినదాన్ని నేను పెంచి చెప్పదలచుకోలేదు. సభ ఒక్కసారిగా ఊగిపోలేదు. టీ బండి దగ్గరున్న వాళ్లలో కొందరు నెమ్మదిగా లోపలికి వచ్చి మళ్లీ కూర్చున్నారు. కొందరు ట్రాక్టరెక్కి వెళ్లిపోయారు. "జెండాపై కపిరాజు" పద్యానికి గోడ పక్కనుంచి కాక వెనుకనుంచి, రైతుల మధ్యనుంచి వన్స్ మోర్ వచ్చింది. ముందు వరుసలో ఒక పండితుడు తన పక్కనున్న వారితో, సాగదీత తగ్గేసరికి ఈ రోజు పద్యంలోని మాటలన్నీ వినబడ్డాయని అన్నారు. గొంతు చాలదని చివరిదాకా అన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లు అన్నదీ నిజమే. ఐదు శ్రుతిలో మా సీనియర్ గొంతు పందిరి దాటి పొలాల్లోకి వెళ్లేది. ఈ గొంతు పందిరి వరకే వచ్చింది. నాటకం ముగిశాక మా సీనియర్ మెడకు మఫ్లరు చుట్టుకుని వేదిక మీదికి వచ్చి, మాట రాక, ఆ అబ్బాయి భుజం మీద చేయి వేసి నిలబడినప్పుడు వచ్చిన చప్పట్లు మాత్రం ఇద్దరికీ కలిపి వచ్చాయి.

ఉద్యోగరీత్యా అమెరికాలో, న్యూజెర్సీలో స్థిరపడిన తరువాత న్యూయార్కులోని బ్రాడ్‌వే సంగీత నాటకాలకు వెళ్లే అవకాశం నాకు దొరికింది. అక్కడ ప్రధాన పాత్రలకు బదులు నటుల్ని ముందే నియమించి, జీతమిచ్చి, పాత్ర నేర్పించి ఉంచుతారు. అనేక పాత్రలు ఒక్కరే నేర్చుకుని, ఏ పూట ఏది ఖాళీ అయితే ఆ వేషం వేసేవారిని స్వింగ్ అంటారు. నటుడు మారితే కార్యక్రమ పుస్తకంలో చిన్న చీటీ పెడతారు, ద్వారం దగ్గర బోర్డు మీద రాస్తారు. ఆ చీటీ చేతిలోకి రాగానే ప్రేక్షకుల ముఖాల్లో కనిపించే మార్పు నాకు బాగా పరిచయమైనదే. అక్కడా గొడవంతా అచ్చయిన పేరుదే. పోస్టరు మీద నాటకం పేరుకు పైన ఎవరి పేరు ఉన్నదో ఆ తార రానప్పుడే సాధారణంగా టికెట్టు మార్చమనో డబ్బు వాపసు ఇమ్మనో అడిగే వీలుంటుంది. మా ట్రాక్టరు రైతుల వాదం కూడా ఇదే.

1954లో 'ది పజామా గేమ్' నాటకంలో కరోల్ హేనీ కాలు గాయపడితే, బృందంలో నర్తకిగా ఉన్న షర్లీ మెక్‌లేన్ ఆమె పాత్ర వేసింది. ఆ విధంగా ఆమెను చూసిన నిర్మాత హాల్ వాలిస్ సినిమాలకు తీసుకున్నాడు. ఈ కథ అక్కడ అందరికీ తెలుసు. నాకు మరింత దగ్గరగా అనిపించేది 2021 డిసెంబరులో జరిగిన సంఘటన. కరోనా తిరిగి విజృంభించిన రోజులవి. వింటర్ గార్డెన్ థియేటరులో 'ది మ్యూజిక్ మ్యాన్' ఆడుతుండగా నాయిక సటన్ ఫాస్టర్‌కు వ్యాధి సోకింది. స్వింగుగా ఉన్న కాథీ వోయిట్కోకు ఆ మధ్యాహ్నమే విషయం తెలిసింది, ఆ మధ్యాహ్నమే ఆ పాత్రలో మొదటి రిహార్సల్ జరిగింది, ఆ రాత్రే ప్రదర్శన. ముగింపులో నాయకుడు హ్యూ జాక్‌మన్ చప్పట్లను ఆపించి, ఆమెను ముందుకు పిలిచి, ఎనిమిది పాత్రల్లో దేనికైనా సిద్ధంగా ఉండే మనిషి ఆమె అని, ఇటువంటి వారే బ్రాడ్‌వేకు పునాది అని చెప్పాడు. సభంతా హర్షధ్వానాలు చేసింది. అది చూసినప్పుడు మా సీనియర్ మెడలోని మఫ్లరు గుర్తుకు వచ్చింది.

అక్కడి ప్రేక్షకులు బదులు నటుడికి మొదటి నిమిషం నుంచే చప్పట్లు కొట్టడం కూడా నేను చూశాను. అది మంచి మనసు, దాన్ని తక్కువ చేయను. అయినా నాకు మన ఊరి జనం పద్ధతే ఎక్కువ ఇష్టం. వాళ్లు ఆ అబ్బాయికి ఊరికే ఏమీ ఇవ్వలేదు. నచ్చనంతసేపు నచ్చలేదని ముఖం మీదే చూపించారు, నచ్చిన పద్యాన్ని మళ్లీ పాడమన్నారు. కాబట్టి "జెండాపై కపిరాజు"కు వచ్చిన ఆ రెండో కేకలో జాలి పాలు లేదు, మొహమాటం లేదు. అది పూర్తిగా అతని సంపాదన.

మన ప్రాంతానికి సురభి వారు వచ్చి డేరా వేసినప్పుడు మాస్టారు మమ్మల్ని తీసుకువెళ్లేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబ నాటక సమాజంలో పిల్లలు లోహితాస్యుడితో మొదలుపెట్టి వయసుతోపాటు పాత్రలన్నీ నేర్చుకుంటూ పోతారు. ఒకరికి జ్వరం వస్తే ఇంట్లో మరొకరు ఆ వేషం కట్టుకుంటారు. మన కళాశాలలోనూ ప్రతి పాత్రా ఇద్దరికి నేర్పాలని మాస్టారు ఆ ఏడాది తరువాత నియమం పెట్టారు. ఆయన పదవీ విరమణ చేసేదాకా అది సాగింది.

ఈ సంచిక కోసం నాటక సంఘం పాత జాబితాలను సంపాదకులు నాకు పంపించారు. ఆ యేటి శ్రీకృష్ణుడిగా అందులో మా సీనియర్ పేరే ఉంది, ఎందుకంటే ఆ జాబితాను అచ్చయిన కరపత్రాలు చూసి తయారుచేశారు. ఈ సంగతి ఫోనులో చెప్పగానే ఆయన, అది తప్పు, వెంటనే దిద్దించమన్నారు. కాబట్టి సంపాదక వర్గానికి ఆయన తరఫునా నా తరఫునా మనవి: ఆ సంవత్సరం ఎదుట కృష్ణుడి వేషం కట్టినవారి పేరు వేయండి. సాత్యకి వేషం అప్పటికప్పుడు ఎవరు వేశారో జ్ఞాపకం ఉన్న మిత్రులు ఉంటే, ఆ పేరును కూడా సంఘానికి తెలియజేయండి.