బీచ్‌లో ఫొటోలు తీశాక అసలు పని ఇంట్లోనే

విశాఖ ఆర్కే బీచ్‌లో సూర్యోదయం తీసి వచ్చాక కెమెరాను అలాగే బ్యాగులో పడేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. లెన్స్ మీద ఆరిన ఉప్పు కంటికి సరిగా కనిపించదు. పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు, ఇసుక రేణువులు కోటింగ్‌ను గీసేస్తాయి. ముందు బ్లోయర్‌తో (చేత్తో నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఊదండి. తర్వాత మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో బాడీని అద్దినట్టు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. లెన్స్ ముందువైపు గాజుకు మాత్రం లెన్స్ క్లీనర్ చుక్కను గుడ్డ మీదే వేయాలి, గాజు మీద కాదు.

ట్రైపాడ్ కాళ్లలో అడుగు భాగాన్నే ముందు పూర్తిగా లాగండి, లాకులు ఇసుకకు, నీళ్లకు పైన ఉంటాయి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, కాళ్లు చాపి, లాకులు వదులు చేసి ఆరనివ్వాలి. మూసి దాస్తే లోపల తుప్పే.

విశాఖ తేమలో లెన్స్‌కు అసలు శత్రువు ఫంగస్, అంటే బూజు. లెదర్ కేసులో, బీరువాలో మూసిపెట్టిన లెన్స్‌కు అది త్వరగా పడుతుంది. తేమను అదుపులో ఉంచే డ్రై క్యాబినెట్ కొనక్కర్లేదు: రబ్బరు అంచున్న గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ 200 గ్రాములు, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ చాలు. రీడింగ్ 40–50 శాతం మధ్య ఉంచండి. రంగు మారిన జెల్‌ను ప్యాకెట్ మీద రాసిన వేడిలో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. జెల్ బదులు బియ్యం మాత్రం వద్దు, దుమ్ము లోపలికి పోతుంది.

ఏసీ గదిలోంచి కెమెరాను బయటికి తీసుకెళ్తే జిప్ మూసిన బ్యాగులోనే అరగంట ఉంచండి, లేకపోతే గాజు మీద ఆవిరి పట్టి సూర్యోదయం కాస్తా అయిపోతుంది.