డాలరు చోట పౌండు సరే, రూపాయి మాటేటి?

ఇంగ్లండుకు మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి చోట్ల వాడే పెద్ద కంప్యూటర్) పనిమీద వచ్చిన మనోళ్లకు కోడ్ రివ్యూలో పడే చీవాటు ఒకటుంది: "పౌండు గుర్తు కోసం ప్రతి కోబాల్ ప్రోగ్రాంలో కరెన్సీ సైన్ క్లాజు రాయడమేంటి? కంపైలర్ ఆప్షన్ లేదా?" కోబాల్ అంటే అక్కడ వాడే ప్రోగ్రామింగ్ భాష. క్లాజు ప్రోగ్రాం లోపల రాసే వాక్యం; ఆప్షన్ ఆ ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు ఇచ్చే సూచన. మాటలో న్యాయం ఉంది గానీ, సగమే. రాజాం, విజయనగరం కాలేజీల నుంచి ఈ పనిలోకి దిగే తమ్ముళ్లు మిగతా సగం కూడా తెలుసుకుని రావాలి.

ఐబీఎం ఎంటర్‌ప్రైజ్ కోబాల్‌కు మనమేమీ చెప్పకపోతే నోకరెన్సీ అనుకుంటుంది. అంటే పిక్చర్‌లో (అంకె ఎలా పడాలో చెప్పే నమూనాలో) డాలరే. మార్చాలంటే ప్రోగ్రాం మొదటి భాగమైన ఐడెంటిఫికేషన్ డివిజన్‌కు పైన, ఆప్షన్లు రాసే సీబీఎల్ లైనులో కరెన్సీ అని రాసి, బ్రాకెట్లలో, కోట్స్ మధ్య ఒకే ఒక్క గుర్తు పెట్టాలి. అంకెలు, స్పేసు, కామా, చుక్క, ప్లస్, మైనస్ పనికిరావు. పిక్చర్‌లో ఇప్పటికే పనిచేస్తున్న ఎక్స్, జెడ్, వీ లాంటి అక్షరాలూ అంతే. పాత డాలరు పిక్చర్లు మిగిలిపోతే ఎర్రర్లు వస్తాయి. ప్రోగ్రాంలో క్లాజు ఉంటే మాత్రం ఆప్షన్ చెల్లదు.

అసలు తిరకాసు వేరే. కంపైలర్ చూసేది బొమ్మను కాదు, బైటును, అంటే గుర్తు వెనక ఉండే సంఖ్యను. మనమేమీ చెప్పకపోతే తీసుకునే డిఫాల్ట్ గుర్తు హెక్స్‌లో (పదహారంకెల లెక్కలో) 5బి. అమెరికా కోడ్ పేజీ (ఏ సంఖ్యకు ఏ గుర్తో చెప్పే పట్టిక) 037లో అది డాలరు, బ్రిటన్ 285లో అదే పౌండు! కాబట్టి 285 టెర్మినల్లో పౌండు కొడితే ఏ ఆప్షనూ లేకుండానే కంపైల్ అయిపోతుంది. అక్కడే డాలరు కొడితే 4ఎ పడి ఎర్రర్ వస్తుంది. ఆప్షన్ పెట్టేముందు ఎడిటర్లో హెక్స్ ఆన్ చేసి ఆ బైటు చూసుకోండి. సగం గొడవలు అక్కడే తీరతాయి.

ఇక రూపాయి. యూరో వస్తే దానికి 1140 కోడ్ పేజీలో 9ఎఫ్ స్థానం ఖాళీ చేసి చోటిచ్చారు. 2010లో వచ్చిన మన ₹కు యూనికోడ్‌లో (అన్ని లిపుల గుర్తులకూ ఉన్న ప్రపంచ పట్టికలో) చోటుంది, ఈ పేజీల్లో లేదు. ఒక్క బైటే అడిగే ఆప్షన్ మనకెందుకు? అందుకే ప్రోగ్రాంలోని స్పెషల్ నేమ్స్ పేరాలో క్లాజు రాయాలి: కరెన్సీ సైన్ 'ఐఎన్ఆర్', విత్ పిక్చర్ సింబల్ '#'. అప్పుడు పిక్చర్‌లో # రాస్తే INR అని పడుతుంది. అలవాటుకొద్దీ ఆర్, ఎస్ రాసి చుక్క పెట్టారో, ఒప్పుకోదు; ఆ విలువలో చుక్క నిషిద్ధం. రెండు దేశాల డబ్బు ఒకే రిపోర్టులో రావాలన్నా క్లాజే దారి. ఈ సంగతి రివ్యూలో తలవంచకుండా చెప్పొచ్చు.

పలాస జీడిపప్పు వ్యాపారికి 1,250,000 అని బిల్లు పంపితే "ఇదేటి బాబూ, లక్షలా, కోట్లా?" అంటాడు. ఆయన అడగడం సబబే. 1959లో మొదలైన ఈ ముసలి భాష కోబాల్ మాత్రం కామా ఎక్కడ పెట్టమంటే అక్కడే పెడుతుంది: ###,##,##9.99 అని రాస్తే INR12,50,000.00 అని చక్కగా పడుతుంది. వెడల్పు మాత్రం లెక్కేసుకోండి. పిక్చర్‌లో 13 గళ్లే కనిపిస్తాయి గానీ, మొదటి # మూడక్షరాలవుతుంది, కాబట్టి ఫీల్డు 15 బైట్లు. ఈ అదనపు రెండు బైట్లు మరిచిపోతే దాని తర్వాతి కాలమ్స్ అన్నీ పక్కకు జరుగుతాయి; ఆ ఫైలును స్థిర స్థానాలతో చదివే తర్వాతి జాబ్ తప్పు అంకెలు తీసుకుంటుంది.