మా: ఒక్క అక్షరం, భాషకో అర్థం

రోజుకి ఎన్నిసార్లు "మా" అంటామో లెక్కుండదు, మా ఇల్లు మా ఆఫీసు మావాడు అంటూ, కానీ ఆ చిన్న ముక్క ఎంత పని చేస్తుందో పట్టించుకోం. "మా ఇల్లు" అంటే వింటున్న నీది కాదు అని, "మన ఇల్లు" అంటే నీది కూడా అని. హిందీలో రెండిటికీ హమారా ఒక్కటే, ఇంగ్లీషులో అవర్ ఒక్కటే. తమిళంలో మాత్రం మనకి లాగే ఎంగళ్, నమ్ అని రెండున్నాయి, ఇది ద్రావిడ భాషలకి పాత అలవాటే. ఇంకో తమాషా ఏంటంటే మా అనేది బహువచనం కదా, అయినా పెళ్లైనావిడ "మా ఆయన" అనే అంటుంది, ఆ మొగుడు తన ఒక్కదానికే సొంతమైనా సరే.

సంస్కృతంలో ఇదే అక్షరం "వద్దు". గీతలో "మా శుచః" అంటే బాధపడకు అని, "మా ఫలేషు కదాచన"లో ఉన్నదీ ఆ మానే. అన్నిటికంటే ఫేమస్ అయింది వాల్మీకి నోట్లోంచి వచ్చిన "మా నిషాద ప్రతిష్ఠాం త్వమగమః శాశ్వతీః సమాః", ఓ బోయవాడా ఎన్నేళ్లు గడిచినా నీకు నిలకడ లేకుండా పోవాలి అని శాపం. అయితే సంస్కృతంలోనే మా అంటే లక్ష్మీదేవి కూడా (మాధవుడు అంటే ఆ మా గారి ధవుడు, అదే మొగుడు), అంత పవిత్రమైన కావ్యం శాపంతో మొదలవడం ఏంటి అనుకున్న పాత వ్యాఖ్యాతలు "మానిషాద" అని రెండూ కలిపేసి లక్ష్మికి నివాసమైనవాడా అని చదివారు, అప్పుడు అది విష్ణువుని నువ్వు కలకాలం కీర్తి పొందు అన్నట్టు అయిపోయింది. ఒక్క అక్షరం అర్థం మారిస్తే శాపం కాస్తా దీవెన, నాకైతే ఇంత తెలివైన సర్దుబాటు ఇంకెక్కడా కనపడలేదు. ఈ "వద్దు" మా కి పాత గ్రీకులో మే అని, పారసీలో క్రియ ముందు తగిలే మ అని సొంత చుట్టాలున్నారు, అన్నీ ఒకే మూలం.

చైనా భాష దగ్గరకొస్తే గొంతు కూడా లెక్కలోకి వస్తుంది. మా అని పైస్థాయిలో సాగదీస్తే అమ్మ, కిందనుంచి పైకి లేపితే నార తీసే ఒక మొక్క, కిందకి దింపి లేపితే గుర్రం, పైనుంచి ఒక్కసారి దించేస్తే తిట్టడం, ఇక వాక్యం చివర తేలిగ్గా తగిలిస్తే ప్రశ్న, మనం వచ్చావా అని చివర ఆ పెట్టినట్టు. అమ్మ అని రాసే గుర్తులో ఎడమపక్క ఆడమనిషి, కుడిపక్క గుర్రం ఉంటాయి, అమ్మకీ గుర్రానికీ ఏం సంబంధం అని కంగారు పడక్కర్లేదు, గుర్రం అక్కడుంది కేవలం శబ్దం చెప్పడానికి.

అసలు మజా వియత్నాంలో. అక్కడ మ అంటే దయ్యం. ఎక్కడిదీ అంటే బుద్ధుడి తపస్సు చెడగొట్టడానికి వచ్చిన మారుడు ఉన్నాడు కదా, బౌద్ధ గ్రంథాలతో పాటు ఆ పేరు చైనా వెళ్లింది, దాన్ని రాయడానికి వాళ్లో కొత్త గుర్తు కట్టారు, పైన ఇందాకటి నార మొక్క శబ్దం కోసం, కింద దయ్యం గుర్తు అర్థం కోసం. అదే వియత్నాం చేరి దయ్యం అయింది, జపాన్‌లో రాక్షసుడిని అకుమ అంటారే, అందులో చివరి మ కూడా ఇదే. మారుడి మాట "చావు" అనే ధాతువు నుంచి వచ్చింది, అంటే వియత్నాం దయ్యం మన మరణానికి చుట్టం, చూడ్డానికి ఏ పోలికా లేకపోయినా!

పోలిక కొట్టొచ్చినట్టు కనపడే చోట మాత్రం తరచూ ఏమీ ఉండదు. ఇటాలియన్‌లో మ అంటే "కానీ", లాటిన్‌లో "ఎక్కువ" అనే అర్థమున్న మాగిస్ అరిగి అలా అయింది. వియత్నాంలో గొంతు కొంచెం దించి మా అన్నా "కానీ" అనే అర్థం వస్తుంది, రెండిటికీ ఏ బంధుత్వమూ లేదు. ఒక హల్లు ఒక అచ్చు అంతే కదా, వేల భాషల్లో ఎక్కడో ఒకచోట కలవకపోతేనే ఆశ్చర్యం. అందుకే రెండు మాటలు ఒకేలా ఉన్నాయని చూపించి ప్రపంచ భాషలన్నీ మా భాషలోంచే పుట్టాయి అని చెప్పేవాళ్లని నేను అస్సలు నమ్మను. హంగేరియన్‌లో మ అంటే ఇవాళ, ఫిన్నిష్‌లో మా అంటే నేల, అరబ్బీలో "ఏది" అనీ "కాదు" అనీ రెండూ (మాషా అల్లా లో ఉన్నది మొదటిది, దేవుడు ఏది తలిచాడో అది అని).

మరి అమ్మ సంగతి? హిందీ మా, చైనా మా, ఇంగ్లీషు మామా ఇవన్నీ యాదృచ్ఛికమా అంటే అదీ కాదు. మర్డాక్ అనే మానవశాస్త్రవేత్త లోకంలోని అమ్మానాన్నల పిలుపులు 1072 పోగేస్తే, వాటిని చూసి రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త చెప్పిందేంటంటే పాలు తాగుతూ నోరు మూసుకుని ఉన్న బిడ్డ ముక్కుతో చేయగలిగే శబ్దం మ్, తర్వాత పాలు కావాలన్నా అదే చప్పుడు చేస్తుంది, పెద్దవాళ్లు అది తమనే అనుకుని మాట చేసేశారు. అంటే మూలభాష ఒకటి కాదు, పసిపిల్లల నోళ్లు ఒకటి. జార్జియావాళ్లు మాత్రం తిరగేశారు, అక్కడ మామా అంటే నాన్న, అమ్మ ఏమో దెదా. మనకి మామ ఎవరో చెప్పక్కర్లేదు.

ఫ్రెంచిలో మ అంటే "నా", స్త్రీలింగం మాటల ముందు వస్తుంది. మన మా లాగే ఉంది కదా అనిపిస్తుంది కానీ అది లాటిన్ మేఆ నుంచి వచ్చింది, మనకి సంబంధం లేదు. ఆ మ కి దామ్ అంటే దొరసాని చేర్చి మదామ్ అన్నారు, ఇంగ్లీషువాళ్లు దాన్ని మేడమ్ చేశారు, మనం ముందు ఇంకోటి తగిలించి "మా మేడమ్" అంటున్నాం, అంటే మా నా దొరసాని!