సగం గుర్తున్న వాక్యాన్ని ఉత్తరాల్లో వెతికి పట్టుకున్న వైనం

ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోని మా ఇంట్లో తాతయ్య, ఆయన తమ్ముడు రాసుకున్న ఉత్తరాలు రేకు పెట్టె నిండా ఉన్నాయి. చెదలు పట్టకముందే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాకు తమ్ముడయ్యే మా చిన్నాన్న కొడుకు నెత్తిన వేసుకున్నాడు. వాడి చదువంతా ఒడియా మాధ్యమంలోనే సాగింది. తెలుగు ఇంట్లో మాట్లాడి నేర్చుకున్నది, రాయడం సొంతంగా పట్టుబడినది. అయినా ఒక్కో కార్డునూ ఓపికగా టైపు చేసి, అన్నీ ఒకే ఫైల్లో పెట్టాడు. మాలో ఇంకెవరికీ అంత ఓపిక లేదు.

మేనత్త ఒకనాడు ఫోను చేసి, "నౌపడా బండి కాశీనగరం చేరేలోగా పొద్దుగుంకింది అని నాన్న రాసిన ఉత్తరం ఒకటి ఉండాలిరా, వెతికి వినిపించు" అంది. నౌపడా నుంచి గుణుపురం దాకా చిన్న రైలు నడిచిన రోజుల మాట అది. వాక్యాన్ని ఉన్నదున్నట్టు వెతికితే ఏమీ దొరకలేదు. 'కాశీనగరం' ఒక్కటే వెతికినా ఏమీ రాలేదు. ఆ ఊరి పేరు లేకుండా మా తాతయ్య ఉత్తరం రాసి ఉంటాడా!

అక్కడి నుంచి ఉజ్జాయింపుగా వెతకడం మొదలుపెట్టాను. దీనికి మూలమైన కొలత 1965లో సోవియట్ గణితవేత్త లెవెన్‌స్టైన్ చెప్పినది. ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలో, ఎన్ని తీసెయ్యాలో, ఎన్ని మార్చాలో లెక్కపెడితే ఆ రెంటి మధ్య దూరం వస్తుంది. ఎంత దూరం వరకు ఒప్పుకోవాలో మనం చెబితే ఆ లోపు ఉన్నవన్నీ కంప్యూటర్ తెచ్చి పెడుతుంది. 1990ల తొలినాళ్లలో సున్ వూ, ఉడి మాన్బర్‌ల పేరుతో వచ్చిన ఏగ్రెప్ అనే వెతికే ప్రోగ్రాం చేసే పని ఇదే.

తెలుగులో ఈ లెక్క మన కంటికి కనిపించేలా ఉండదు. 'పర్లాకిమిడి', 'పర్లాఖెముండి' పక్కపక్కన పెడితే కి ఖె అయింది, మి ముం అయింది, అంటే తేడా రెండే. కానీ కంప్యూటర్లో అక్షరాలకు గుర్తులిచ్చే యూనికోడ్‌లో హల్లు వేరు, గుణింతపు గుర్తు వేరు, సున్న వేరు. కాబట్టి కంప్యూటర్ లెక్కలో తేడా నాలుగు. పాత ఏగ్రెప్ అయితే అక్షరాలను కాక బైట్లను లెక్కిస్తుంది. ఆ గుర్తులను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ప్రతిదానికీ మూడు బైట్లు, అంటే ఒక్క సున్న ఎక్కువైతే మూడు తప్పులు పడ్డట్టే. అందుకని అక్షరాలను గుర్తించే టీఆర్‌ఈ అనే లైబ్రరీతో వచ్చే ఏగ్రెప్ వాడాను.

రెండు తప్పుల వరకు ఒప్పుకొని 'కాశీనగరం' వెతికితే ఈసారీ శూన్యమే. అదే సడలింపుతో 'బండి' వెతికితే ఫైలంతా తెరమీదికి వచ్చి పడింది. ఒక్క అక్షరం మారిస్తే బండి 'ఉండి' అవుతుంది, 'పండి' అవుతుంది, 'వండి' అవుతుంది. 'క్షేమముగా ఉండి' అని లేని ఉత్తరం మా పెట్టెలో లేదు. చిన్న మాటకు సడలింపు ఇవ్వకూడదు. ఎనిమిది గుర్తుల మాటకు రెండు తప్పులంటే సరే, నాలుగు గుర్తుల మాటకు రెండంటే ఏదైనా దొరుకుతుంది.

ఇక ఫైలునే దగ్గరగా చదివాను. టైపు చేసిన మా తమ్ముడి తప్పుల్లో ఒక పద్ధతి ఉంది. ఒడియాలో ఎ, ఏ తేడా లేదు, ఒ, ఓ తేడా లేదు. ఇ, ఈలకు, ఉ, ఊలకు అక్షరాలు వేరైనా పలకడం ఒక్కటే. శ, ష, స మూడూ నోట్లో స గానే వస్తాయి. అందుకే వాడి టైపులో కాశీ 'కాసి' అయింది, వచ్చేటప్పటికే 'వచ్చెటప్పటికె' అయింది. ళ, ణ మాత్రం ఎక్కడా తప్పలేదు, ఎందుకంటే ఒడియా వాళ్లు ఆ రెండూ చక్కగా పలుకుతారు. ల, ళ కలిపేసేది కోస్తా నుంచి వచ్చిన మా బంధువులే!

దీనికి తోడు తాతయ్య భాష. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరే అయినా తాతయ్య ఉత్తరాల్లో సగం గ్రాంథికం. కాశీనగరం ఆయన చేతిలో 'కాశీనగరము', మా తమ్ముడి టైపులో 'కాసినగరము'. లెక్కిస్తే నాలుగు తప్పులు.

కాబట్టి వెతకడానికి మాత్రమే ఇంకో ప్రతి తయారుచేశాను. అందులో శ, ష, స లన్నీ స. ఏ, ఓ, ఈ, ఊలు పొట్టివి. మాట చివరి 'ము' సున్న. ఔ 'అవు'. ఱ కి బదులు ర, అరసున్న అసలే లేదు. అ, ఆలను మాత్రం కలపలేదు, కలిపితే 'పలు', 'పాలు' ఒకటైపోతాయి. ఫోను కీబోర్డు 'స్టేషన్‌లో' వంటి మాటల మధ్య పెట్టే కంటికి కనిపించని గుర్తును కూడా తీసేశాను. అది ఉంటే చూడ్డానికి ఒకేలా ఉన్న మాటలు కూడా కలవవు. కార్డులో వరుస ముగిసినచోటల్లా తమ్ముడు ఎంటర్ కొట్టాడు. ఏగ్రెప్ వరుస వరుసగా చూస్తుంది కనుక ఒక్కో ఉత్తరాన్నీ ఒకే వరుసగా కలిపేశాను.

ఊరి పేరు ఇప్పుడు దొరికింది, కానీ చాలా చోట్ల. వాక్యం మొత్తం ఇస్తే మళ్లీ సున్నా. అత్తయ్యకు గుర్తున్న మాటల వరుస వేరైతే అక్షరాల్లో ఎంత సడలింపు ఇచ్చినా లాభం లేదు. అందుకని వాక్యాన్ని రెండేసి అక్షరాల ముక్కలుగా కోశాను: కాసి, సిన, నగ, గరం... హల్లుకు పొల్లు వచ్చి దాని వెంట ఇంకో హల్లు వస్తే విడదీయకూడదని నియమం పెట్టాను, లేకపోతే 'ద్దు' రెండుగా చీలిపోతుంది. ఏ ఉత్తరంలో ఎన్ని ముక్కలు కలుస్తాయో చూడమన్నాను. ముక్కలు ఏ వరుసలో ఉన్నా ఫరవాలేదు. పొడుగాటి ఉత్తరాలు ఊరికే నెగ్గుకొస్తున్నాయని ఉత్తరాన్ని రెండేసి వాక్యాలుగా విడగొట్టి మార్కులు వేశాను.

అన్నిటికన్నా పైన నిలిచింది ఇది: "కాసినగరము వచ్చునప్పటికె చికటి పడినది. నవుపడ బండి ఆ దినము మిక్కిలి ఆలస్యము." పదిహేను ముక్కల్లో కలిసినవి ఏడే, సగం కూడా కాదు. 'పొద్దుగుంకింది' లేదు, 'చేరేలోగా' లేదు. రాసింది తాతయ్య కూడా కాదు, ఆయన తమ్ముడు. చదివి వినిపిస్తే అత్తయ్య, "నేను చెప్పింది అదే కదరా" అంది.

నా మట్టుకు అర్థమైంది ఏమిటంటే, మనిషికి క్రియలు గుర్తుండవు, పేర్లు గుర్తుంటాయి. అందుకే ఊళ్లకు, మనుషులకు ఎక్కువ మార్కులు వేస్తున్నాను. పేర్లతో వేరే తంటా ఉంది. బరంపురం, బ్రహ్మపుర, బెర్హంపూర్ మధ్య దూరం కొలిచి లాభం లేదు, జయపురానికీ జైపూర్‌కూ అంతే. వాటికి చేత్తో పట్టిక రాసుకోవడమే దారి. సగం పట్టిక మా తమ్ముడే నింపాడు. ఒడియా బోర్డుల మీద ఏ ఊరి పేరు ఎలా రాస్తారో నాకన్నా వాడికే బాగా తెలుసు.